ఏ ఎలుకో తేలకుండా ఎర చల్లొద్దు

పందికొక్కు అనే మన మాట ఇంగ్లీషులోకి వెళ్లి బాండికూట్ అయింది. అక్కడితో ఆగలేదు. 18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు అక్కడి సంచిజంతువు ఒకదాన్ని చూసి, ఇండియాలో చూసిన పందికొక్కులా ఉందని దానికీ అదే పేరు తగిలించారు. అది ఎలుక జాతే కాదు, కంగారూకి చుట్టం. ఇప్పటికీ దాని పేరు బాండికూటే. నార్వే ఎలుక సంగతీ ఇంతే. 1769లో బెర్కెన్‌హౌట్ అనే ఇంగ్లీషాయన, అది నార్వే కలప ఓడల్లో వచ్చిందనే నమ్మకంతో ఆ పేరు పెట్టేశాడు. దాని పుట్టిల్లు ఉత్తర చైనా, మంగోలియాల వైపు.

జంతువుల పేర్లలో ఇలాంటి పొరపాట్లు చూసి నవ్వుకోవచ్చు. అక్కడి పక్షుల్ని కాపాడటానికి దీవుల్లో ఎలుకల్ని పూర్తిగా తుడిచిపెట్టే పనిలో మాత్రం ఆ నవ్వు ఖరీదైనది. ఆ పనిలో ఉన్నవాళ్లలోనే చాలామంది "ఎలుక ఎలుకే, మందు అన్నింటికీ ఒకటే, జాతి తేల్చుకుంటూ కూర్చుంటే సీజన్ దాటిపోతుంది" అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. దీవుల్లో ఎరలో కలిపి ఎక్కువగా వాడే బ్రోడిఫాకమ్ రక్తాన్ని గడ్డకట్టనివ్వని విషం. ఏ జాతి ఎలుక తిన్నా చస్తుంది. తిన్న వెంటనే కాకుండా కొన్ని రోజులకు చస్తుంది కాబట్టి, దాని చావుకు ఆ ఎరే కారణమని పక్క ఎలుకకు తెలిసే వీలు లేదు.

మిగతా సగానికి వేక్ అటోల్ జవాబు చెబుతుంది. పసిఫిక్‌లో ఉన్న ఈ చిన్న పగడపు దీవిలో రెండు జాతుల ఎలుకలుండేవి. ఒకటి ఆసియా ఇంటి ఎలుక, రెండోది అంతకంటే చిన్నదైన పసిఫిక్ ఎలుక. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు రెండోదాన్ని కియోరే అంటారు. 2012లో హెలికాప్టర్లతో దీవంతా ఎర చల్లారు. అదే మందు, అదే సీజన్. ఆసియా ఎలుక పూర్తిగా పోయింది. కియోరే మిగిలింది, మళ్లీ పెరిగింది. మందు అందరికీ ఒకటే, నిజమే. కానీ దాన్ని తినడానికి ఎలుక దాని దగ్గరికి రావాలి. ఎంత దూరం తిరుగుతుంది, ఎక్కడ పడుకుంటుంది, పక్కనున్న పెద్ద జాతికి భయపడి ఏ మూల నక్కుతుంది అన్నవి జాతిని బట్టే ఉంటాయి.

ప్రపంచ దీవుల్ని పాడుచేసిన ఎలుకలు ముఖ్యంగా మూడు. నార్వే ఎలుకనే గోధుమ ఎలుక అని కూడా అంటారు. ఓడ ఎలుకనే పుస్తకాల్లో నల్ల ఎలుక అని రాస్తారు. మూడోది కియోరే. ఈ మూడింటిలో ఓడ ఎలుక మన మనిషే అనాలి. దాని పుట్టుక భారత ఉపఖండంలోనే. మన ఇళ్లలో అటకల మీద, తాటాకు కప్పుల్లో పరుగులు పెట్టేదీ, కోనసీమలో కొబ్బరి మొవ్వులో గూడు కట్టుకుని లేతకాయ తొడిమ దగ్గర గుండ్రంగా చిల్లి చేసేదీ ఇదే. సరుకు ఓడల్లో ఎక్కి అరేబియా మీదుగా యూరప్‌కీ, అక్కడి నుంచి లోకమంతటికీ పాకింది. 1918లో మకాంబో అనే ఓడ ఆస్ట్రేలియాకు తూర్పున లార్డ్ హోవ్ దీవి దగ్గర రాళ్లకెక్కినప్పుడు ఒడ్డుకు ఈదింది ఈ జాతే. ఆ తర్వాత కొన్నేళ్లలోనే అక్కడ తప్ప ఇంకెక్కడా లేని పక్షులు అయిదు రకాలు అంతరించాయి.

జాతి తెలిస్తే చేసే పనిలో ఏం మారుతుందో ముందు చెప్పాలి. లేకపోతే కొలతలన్నీ ఉబుసుపోక లెక్కల్లా కనబడతాయి.

నార్వే ఎలుక బరువైనది, నేలలో బొరియ తవ్వుతుంది, చెట్టెక్కడం దానికి అంత ఇష్టం ఉండదు. నీళ్లంటే భయం లేదు. ఎర పెట్టెలు నేల మీద 50 మీటర్లకొకటి ఉన్నా సాధారణంగా దొరుకుతుంది. ఓడ ఎలుక చెట్ల మీది జీవి. కొబ్బరి తోటలున్న దీవిలో కొన్ని ఎలుకలు నేలకు దిగకుండా మొవ్వులోనే బతుకు వెళ్లదీస్తాయి. పసిఫిక్‌లోనే ఉన్న పామైరా అటోల్‌లో 2011లో ఓడ ఎలుకను తీసేసినప్పుడు కొబ్బరి చెట్ల తలల మీద కూడా ఎర పడేలా ఏర్పాటు చేశారు. పైగా అక్కడ నేలమీద పీతలు ఎరను ఎలుకలకు మిగల్చవు. అందుకే ఒక్కో విడతకు హెక్టారుకు 70 కిలోలకు పైగా చల్లాల్సి వచ్చింది. చల్లటి దక్షిణ దీవుల్లో పది, పన్నెండు కిలోలతో పని అయిపోతుంది. న్యూజిలాండ్‌కు దక్షిణాన 11,300 హెక్టార్ల క్యాంప్‌బెల్ దీవి మొత్తాన్ని 2001లో 120 టన్నులతో ముగించారు. అక్కడున్నది నార్వే ఎలుక, ఎక్కడానికి అడవి లేదు, ఎరకు పోటీగా పీతలు లేవు. కియోరేకు ఎర దూరం 25 మీటర్లకు తగ్గించాలి. చిట్టెలుక ఉంటే 10 మీటర్లకు దిగాలి. పెద్ద ఎలుకలున్నంత కాలం చిట్టెలుకలు అణిగిమణిగి ఉంటాయి, ఉన్నట్టు కూడా తెలియదు. ఎలుకలు పోగానే విజృంభిస్తాయి. 50 మీటర్ల గ్రిడ్ వేసి "ఎలుకలు పోయాయి" అని సంబరపడ్డవాళ్లకు ఆ తర్వాత దర్శనమిచ్చేవి ఇవే.

ఇక ఈత. కాపలా ఎంత దూరం వరకు పెట్టాలో దీన్నిబట్టే తేలుతుంది. నార్వే ఎలుక రెండు కిలోమీటర్ల వరకు ఈదగలదన్న లెక్కతో జాగ్రత్త పడాలి. ఓడ ఎలుక అర కిలోమీటరు, కొంచెం పైన. కియోరే వంద మీటర్లు దాటితే తడబడుతుంది. పక్క దీవి 700 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అక్కడున్నది నార్వే అయితే మీ దీవిలో పని ముగిసిన మర్నాటి నుంచీ తిరుగు వలసకు ఎదురుచూడాల్సిందే. కియోరే అయితే ఈత గురించి మర్చిపోయి పడవల మీద కన్నేయండి.

సరే, చేతికి ఎలుక దొరికింది. స్ప్రింగ్ బోను సరిగ్గా పడితే పుర్రె చితికి ఉంటుంది. ఒళ్లు తడిసి, సగం పీతలు కొరికి ఉంటుంది. ఇక్కడ మొదటి తప్పు రంగు చూడటం. నల్ల ఎలుక అన్నారు కదా అని నల్లగా ఉందేమో చూస్తారు. ఓడ ఎలుకలో మూడు రంగులున్నాయి. ఒంటినిండా నలుపు ఒకటి. గోధుమ వీపు, బూడిద పొట్ట ఒకటి. గోధుమ వీపు, తెల్ల పొట్ట మరొకటి. ఒకే దీవిలో మూడూ కనిపించవచ్చు. గోధుమ రంగుదాన్ని చూసి గోధుమ ఎలుక అని రాసేసిన ఫారాలు ఎన్నో. పేరులో రంగున్న జంతువును రంగుతో గుర్తుపట్టకూడదన్నది ఈ రంగంలో మొదటి పాఠం కావాలి. అందుకే నార్వే, ఓడ అనే పేర్లనే వాడటం మేలు. నార్వే అన్న పేరు తప్పయినా, కనీసం కంటికి రంగు పూయదు.

రెండో తప్పు బరువును నమ్మడం. పెద్ద నార్వే ఎలుక 200, 300 గ్రాములు తూగుతుంది, ఇంకా పైకి పోతుంది. ఓడ ఎలుక 120 నుంచి 160 దగ్గర ఉంటుంది. కియోరే 60 నుంచి 80. ఈ అంకెలు ఎదిగిన వాటివి. 65 గ్రాముల ఎలుక చేతిలో ఉందంటే అది ఎదిగిన కియోరే కావచ్చు, రెండు నెలలు నిండని ఓడ ఎలుక కావచ్చు, ఇంకా చిన్నదైన నార్వే పిల్ల కూడా కావచ్చు. దీవిలో ఏ జాతి ఉందో మొదటిసారి తెలిసేది ఇలాంటి పిల్లతోనే కావచ్చు.

మూడో తప్పు తోక ఒక్కదాని మీద తీర్పు చెప్పడం. సూత్రం మంచిదే. ఓడ ఎలుకకు తల, ఒళ్లు కలిపిన పొడుగు కంటే తోక పొడుగు. నార్వేకు తోక పొట్టి, మందం, అడుగున లేత రంగు. కియోరేకు దాదాపు సమానం, సన్నం, చుట్టూ ఒకే ముదురు రంగు. కానీ పోట్లాటల్లో తోక కొస పోగొట్టుకున్న ఎలుకలు తక్కువేమీ ఉండవు. కొస మొండిగా, వెంట్రుకల కుచ్చు లేకుండా ఉంటే తోక కొలత ఎదురుగా "తెగింది" అని రాయాలి. ఆ అంకెను నిష్పత్తికి వాడకూడదు.

మరి దేన్ని నమ్మాలి? వెనక కాలిని, చెవిని, ఆడదైతే చనుమొనల్ని. ఈ వరసలోనే.

వెనక కాలు ఎందుకంటే, ఎలుక ఒంట్లో అన్నిటికంటే ముందు ఎదిగిపోయేది అది. పిల్ల ఎలుక ఒంటికి పాదాలు అతకనంత పెద్దవిగా ఉంటాయి. పైగా ఎముక, తోలు తప్ప కండలేని భాగం కాబట్టి కుళ్లినా, ఎండినా, ఫ్రీజర్‌లోంచి తీసినా పెద్దగా మారదు. కొలిచేది మడమ చివర నుంచి పొడుగు వేలి కొస వరకు, గోరు లేకుండా. గోరు కలిపితే రెండు మిల్లీమీటర్ల వరకు తేడా వస్తుంది. జాతికీ జాతికీ మధ్య తేడా కొన్నిచోట్ల అంతే ఉంటుంది. గోరుతో కొలిచే పద్ధతి కూడా వాడుకలో ఉంది కాబట్టి ఏది కొలిచారో ఫారం మీద రాసి తీరాలి. న్యూజిలాండ్ కొలతల్లో కియోరే పాదం సుమారు 24 నుంచి 31, ఓడ ఎలుకది 28 నుంచి 38, నార్వేది 30 నుంచి 41 మిల్లీమీటర్లు. చిట్టెలుకది 20 దాటదు. ఎంత పసిదైనా బోనులో పడే వయసుకు వచ్చిన ఎలుక పిల్లది ఇరవై దాటేస్తుంది. "ఇది చిట్టెలుకా, ఎలుక పిల్లా" అన్న ప్రశ్నకు ఇంతకంటే తేలికైన జవాబు లేదు. ఇంకా సందేహముంటే పై పళ్లను పక్క నుంచి చూడండి, చిట్టెలుక పంటి వెనక గంటు పెట్టినట్టు ఒక నొక్కు ఉంటుంది.

అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కదా, 30 వస్తే ఏమనాలి? అప్పుడు పాదం పైభాగం చూడాలి. తడిగుడ్డతో మట్టి తుడిచి, వెలుతురులో పెట్టి, పాదాన్ని పైనుంచి చూడండి. కియోరే పాదానికి బయటి అంచున, చీలమండ దగ్గర ఒక ముదురు మచ్చ ఉంటుంది. అక్కడి నుంచి వేళ్ల వరకు మిగతాదంతా లేత రంగు. బురదలో ఒక పక్కకు కాలేసి తీసినట్టుంటుంది. ఓడ ఎలుక పాదం లేతదైనా ముదురుదైనా మొత్తం ఒకటే రంగు. నార్వేది అంతా లేత. మట్టి తుడవకుండా చూసి ఆ మచ్చ ఉందనుకోవడం, లేదనుకోవడం రెండూ జరిగేవే.

65 గ్రాముల ఎలుకలు రెండింటిని పక్కపక్కన పెడితే విషయం ఇంకా తేట పడుతుంది. ఒకదాని పాదం 27, చీలమండ దగ్గర మచ్చ, బొచ్చు బిరుసు, వృషణాలు దిగి ఉన్నాయి. అది ఎదిగిన మగ కియోరే. రెండోదాని పాదం 32, రంగు ఒకటే, బొచ్చు దూదిలా మెత్తగా బూడిదరంగు, వృషణాలు ఇంకా దిగలేదు. అది ఓడ ఎలుక పిల్ల. బరువు పట్టికలో మాత్రం రెండూ ఒకే గడిలో పడతాయి.

చెవిని కిందనున్న గంటు నుంచి పైఅంచు వరకు కొలవాలి, అంచు దాటిన వెంట్రుకలు కలపకుండా. ఆ తర్వాత మెల్లగా ముందుకు వంచండి. ఓడ ఎలుక చెవి, కియోరే చెవి కన్నును మూసేస్తాయి. నార్వే చెవి కంటి దాకా రాదు, అంచు దాటి వెంట్రుకలు కూడా కనబడతాయి. చెవి ఎండితే ముడుచుకుంటుంది కాబట్టి ఈ పరీక్ష తాజా ఎలుకకే. చనుమొనలు కియోరేకు 8, ఓడ ఎలుకకు సాధారణంగా 10, నార్వేకు 12. పాలిచ్చే తల్లికి స్పష్టంగా ఉంటాయి. కన్నెదైతే పొట్ట మీద బొచ్చు తడిపి, ఎదురు దువ్వి వెతకాలి. కనబడినన్ని లెక్కపెట్టి రాస్తే తక్కువే వస్తాయి, ఎప్పుడూ ఎక్కువ రావు. 12 వచ్చిందంటే అది కియోరే కాదని నమ్మవచ్చు, 8 వచ్చిందంటే మళ్లీ చూడాలి.

పుర్రె ఒక్కటే దొరికితే, ఉదాహరణకు గుడ్లగూబ ఉమ్మిన ఉండలో, పైన రెండు పక్కలా పోయే గట్లు చూడండి. నార్వేకు అవి దాదాపు సమాంతరం. ఓడ ఎలుకకు బయటికి ఉబ్బి విల్లులా వంగుతాయి.

చేతి తొడుగులు లేకుండా ఇదంతా చేయొద్దు. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండవచ్చు, అది ఒంట్లోకి చేరడానికి చర్మం మీద చిన్న గీత చాలు.

శవం లేకుండా తేల్చగలమా? ఇక్కడ ఆత్మవిశ్వాసం తగ్గించుకోవాలి. సిరా పూసిన సొరంగంలో కాగితం మీద పడిన పాదముద్ర చిట్టెలుకదా, ఎలుకదా అన్నది చెబుతుంది. ఏ ఎలుకదో చెప్పదు, చెప్పగలనన్నవాళ్లను నమ్మకండి. పెంటికలు కొంత నయం. పద్నాలుగు మిల్లీమీటర్లు దాటితే నార్వే వైపు మొగ్గవచ్చు, చిన్నవైతే మూడింటివీ కలిసిపోతాయి. కెమెరా ఫోటోలో తోక, చెవి రెండూ పక్క నుంచి కనబడితేనే పనికొస్తుంది. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో ప్రతి ఎలుకా బూడిదరంగే. ఉష్ణమండల దీవుల్లో బోనును చెట్టు కొమ్మకు కట్టడం నేర్చుకోవాలి. నేల మీద పెడితే పీతలే పేల్చేస్తాయి, ఎలుక పడినా తెల్లారేసరికి తోకే మిగులుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది మూడే జాతులున్నట్టు. మన వైపు దీవులకొస్తే లెక్క మారుతుంది. ఓడ ఎలుకకూ, దాని అక్క లాంటి ఆసియా ఇంటి ఎలుకకూ బయటి కొలతల్లో నమ్మదగ్గ తేడా లేదు. తేడా క్రోమోజోముల్లో ఉంది, ఒకదానికి 38, ఇంకోదానికి 42. అక్కడ స్కేలు పక్కన పెట్టి డీఎన్‌ఏకు పంపాల్సిందే. అండమాన్, నికోబార్ దీవుల్లో ఇంకో చిక్కుంది. అక్కడ ఓడల్లో వచ్చిన ఎలుకతో పాటు ఆ దీవులకే సొంతమైన ఎలుకలూ ఉన్నాయి. అండమాన్‌లో రాటస్ స్టోయికస్, నికోబార్‌లో రాటస్ పాల్మారమ్, రాటస్ బర్రస్. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి తరాలుగా పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇంట్లో దొరికేది ఓడ ఎలుకే అయి ఉండవచ్చు. అడవి అంచున పట్టిన ఎలుక విషయంలో ఆ ధీమా వద్దు. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో 1899లో ఓడ ఎలుకలు దిగాయి. అక్కడి సొంత ఎలుక, మెక్లియర్ ఎలుక, కొన్నేళ్లకే కనుమరుగైంది. పాత మ్యూజియం తోళ్ల డీఎన్‌ఏ పరీక్షిస్తే, ఓడ ఎలుకల నుంచి అంటిన ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవి రోగం ఆనవాళ్లు దొరికాయి. కాపాడాల్సిన ఎలుక, తీసేయాల్సిన ఎలుక ఒకే అడవిలో ఉండవచ్చు. విషం వాటిని వేరుచేయదు.

మన భాషలోనూ ఓ చిక్కుంది. చుంచు అని కొన్నిచోట్ల చిట్టెలుకను, ఇంకొన్నిచోట్ల మూతి పొడుగ్గా సాగి, కళ్లు గింజల్లా ఉండి, కస్తూరి కంపు కొట్టేదాన్ని అంటారు. రెండోది అసలు ఎలుకల కుటుంబానిది కాదు, పురుగులు తినేది. గువామ్, మారిషస్ దీవుల్లో ఇదీ చొరబడ్డ జంతువే. గింజల ఎరతో దీన్ని లొంగదీయలేరు. "చుంచు కనబడింది" అని ఎవరైనా చెబితే మూతి ఎలా ఉందని అడగండి.

అన్ని ఎలుకలూ తీసేయాల్సినవేనా అన్నది మరో తగువు. కియోరేను మావోరీలు తమ పూర్వీకులతో పడవల్లో వచ్చిన సంపదగా చూస్తారు. ఇంగ్లండ్ పక్కన లండీ దీవిలో 2002లో ఎలుకల్ని తీసే పని మొదలైనప్పుడు, బ్రిటన్‌లో ఓడ ఎలుక చాలా అరుదైపోయింది కాబట్టి దాన్ని ఉంచాలని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ దీవిలో నార్వే, ఓడ రెండూ ఉండేవి, రెండింటినీ తీసేశారు. అక్కడి సముద్ర పక్షుల లెక్క చూస్తే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. కానీ ఆ వాదన జరగాలన్నా ముందు ఏ జాతో తెలియాలి.

ఎర చల్లకముందే చేయాల్సిన ఒక పని ఉంది. డబ్బు తగ్గినప్పుడు మొట్టమొదట కోత పడేదీ దానికే. పట్టిన ప్రతి ఎలుక తోక కొస 5 మిల్లీమీటర్లు కోసి 95 శాతం ఇథనాల్‌లో వేసి, పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే పెట్టాలి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరుగుతుంది. ఫార్మలిన్ వద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది. దీవి నాలుగు మూలల నుంచీ, పక్క దీవి నుంచీ, పడవలు బయల్దేరే రేవు నుంచీ నమూనాలు ఉండాలి.

పసిఫిక్‌లోని పిట్‌కెయిర్న్ దీవుల్లో ఒకటైన హెండర్సన్‌లో 2011లో కియోరేను తుడిచేయడానికి 75 టన్నుల ఎర చల్లారు. మరుసటి ఏడాది మార్చిలో ఎలుక కనబడింది. ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. ఏదైనా పడవలో కొత్తగా దిగి ఉంటే కాపలా లోపం, అక్కడే మిగిలి ఉంటే ఎర లోపం. రెండింటికీ మందు వేరు. ముందే తీసిపెట్టిన నమూనాలతో పోల్చి చూస్తే పాత ఎలుకల సంతతే అని తేలింది. వేల సంఖ్యలో ఉన్నవాటిలో 60 నుంచి 80 వరకు బతికి బయటపడ్డాయని జన్యువుల లెక్క చెప్పింది. న్యూజిలాండ్‌లో 2004లో పరిశోధకులు ఒక మగ నార్వే ఎలుకను రేడియో కాలర్ కట్టి మోటుహోరోపాపా అనే చిట్టి దీవిలో వదిలారు. అది అక్కడ దొరక్కుండా తప్పించుకుని 400 మీటర్ల సముద్రం ఈది ఒటాటా దీవికి చేరింది. అక్కడ దొరికిన పెంటికల డీఎన్‌ఏ చూసి అదే ఎలుకని తేల్చారు. 18 వారాలు ముప్పుతిప్పలు పెట్టి, చివరికి పెంగ్విన్ మాంసం ఎరగా పెట్టిన బోనులో పడింది. దాని డీఎన్‌ఏ నమూనా ముందే తీసిపెట్టి ఉండకపోతే, ఒటాటాలో కనబడ్డ ఎలుక కొత్తదో పాతదో తెలియక రెండు దీవుల్లోనూ వెతుకుతూ ఉండేవాళ్లు.